రాతిలో నారింజ గీత

నా సర్వీసు మొత్తంల నాకొచ్చిన మెమో ఒక్కటే. మొన్న ల్యాబుల కొత్తగ చేరిన ఆడపిల్లలిద్దరు ఇంటికొచ్చి, "అక్కా, నువ్వు ఇన్నేండ్లు ఒక్క మాట పడకుండ పని చేసినవట గదా" అన్నరు. ఎవలు చెప్పిన్రో గని అది అబద్ధం. మాట పడ్డ. పడాల్సిన మాటనే పడ్డ. నోటితోని చెప్తె నడుమ నడుమ ఏదో ఒకటి దాటేస్త, అందుకే రాసిస్తున్న. నెమ్మదిగ చదువుకోండ్రి.

మాది బోర్లేసి రాయి చూసే డిపార్ట్‌మెంటు. కొత్త బొగ్గుబాయి, అంటె గని, తవ్వేముందు, ఉన్న బాయి ముందటికి పోయేముందు, బొగ్గు ఎంత లోతుల ఉన్నదో, దాని నెత్తి మీద ఎసొంటి రాయి ఉన్నదో చూసి చెప్పాలె. బోరు మిషను భూమి లోపటి రాతిని రోకలి మందాన గుండ్రంగ కోసుకొని పైకి తెస్తది. దాన్ని కోర్ అంటరు. ఆ ముక్కల్ని వరుస తప్పకుండ అరలున్న పెట్టెలల్ల పేర్చి, ఏ లోతుదో పెన్సిల్‌తోని ఒక చెక్కబిళ్ళ మీద రాసి అండ్ల పెడ్తరు. ఆ పెట్టెలు లారీల మీద గోదావరిఖనిల మా షెడ్డుకొస్తయి. మేము కడిగి, పెట్టెలకు నంబర్లేసి, రిజిస్టరెక్కిస్తం. జియాలజిస్టు వచ్చి చూసి రిపోర్టు రాస్తరు. బాయిల ఉన్నోళ్ళు ఆ రిపోర్టును నమ్మి అడుగేస్తరు. గదీ పని.

మా నాయిన బెల్లంపల్లి దిక్కు బాయిల పనిచేసి, సర్వీసుల ఉండంగనే జబ్బు చేసి పోయిండు. ఆయన నౌకరి నాకొచ్చింది. ఇంటర్ చదివిన పిల్లనని షెడ్డుల ఏసిన్రు. నలుగురు మొగోళ్ళ నడుమ నేనొక్కదాన్ని. అందరికంటె పెద్ద మనిషిని అందరు కాక అనే పిలుస్తుండె. జైపూర్ కాడ ఊరు ఆయనది. సగం జిందగీ బోరు మిషన్ల మీద తిరిగి, మోకాళ్ళు పట్టుకపోయినంక షెడ్డుకొచ్చిండు. కోర్ ముక్కను ఎట్ల లేపాలె, ఎట్ల తిప్పాలె, తడి చేసి రాతి గింజ ఎట్ల చూడాలె, అన్ని ఆయననే నాకు నేర్పిండు.

"బిడ్డా, రాయికి తలకాయ, కాళ్ళు ఉంటయి. పైకి ఏది, కిందికి ఏది మర్చిపోయినవనుకో, ఇగ అది రోడ్డు మీది కంకర" అని రోజుకొక్కసారి అంటుండె.

నేను చేరిన పదిహేనేండ్లకో ఏమో, ఒక మేడం వచ్చింది జియాలజిస్టుగ. గోదారి జిల్లాల పిల్ల, నాకంటె చిన్నది. మొదటి రోజే నన్ను అక్కా అన్నది, కాకను బాబాయ్ అన్నది. షెడ్డుల అందరు నవ్విన్రు గని, కాక ముఖం మాత్రం వెలిగిపోయింది.

మేడం టేబులు మీద అరచెయ్యంత గాజు లెక్కటి రాయొకటి ఉండేది. ఒకరోజు దాన్ని పేపరు మీద పెట్టి చూడమన్నది. చూస్తె అక్షరాలన్ని రెండు రెండు కనబడ్డయి. నేను కండ్లు నలుపుకున్న.

"మీ కళ్ళు బాగానే ఉన్నాయక్కా" అని నవ్వింది. "ఇది కాల్సైట్. మన ఇసుకరాయి పగుళ్ళలో తెల్ల గీతలు చూస్తారే, అదే ఇది. లోపల కార్బన్ చుట్టూ మూడు ఆక్సిజన్లు చదునుగా ఉంటాయి, మూడు రెక్కల ఫ్యాన్‌లాగా. ఆ ఫ్యాన్లన్నీ ఒకే వైపుకి పడుకుని వరుసలు వరుసలుగా ఉంటాయి. వరుసల మధ్యన కాల్షియం. ఆ అమరిక వల్లే లోపలికెళ్ళిన వెలుతురు రెండు దారుల్లో చీలిపోతుంది. పగలగొట్టినా ఇష్టం వచ్చినట్టు పగలదు."

సుత్తెతోని చిన్న దెబ్బేసి చూపిచ్చింది. ఒక దిక్కుకు వాలిపోయిన అగ్గిపెట్టె లెక్క ముక్క ఊడింది. దాన్ని మల్ల కొడితె, మల్ల గసొంటి వాలిన అగ్గిపెట్టెనే, చిన్నది. కాక ఆ ముక్కను రెండు వేళ్ళ నడుమ పట్టుకొని చానాసేపు తడిమిండు. చూడలే, తడిమిండు. ఆ తేడా అప్పుడు నా మనసుకు తట్టలే.

తట్టలే అంటె కూడ అబద్ధమే అయితది. అంతకుముందు నుంచే కొన్ని కనబడుతున్నయి నాకు. హాజరు మస్టర్ల సంతకం ఎక్కడ పెట్టాలెనో ఆయన నన్ను అడుగుతుండె. చాయ్ గ్లాసు అందుకోబోయి గాలిని పట్టుకుంటుండె. ఎండల నిలబడితె చెయ్యి అడ్డం పెట్టుకొని తల వంచుతుండె. వయసు మీద పడ్డది అనుకున్న. అనుకుంటె పని సులువుగ అయితది గదా.

ఆ యేడు గోలేటి దిక్కున్న బోరు మిషన్ల క్యాంపు నుంచి ఒక బోరు కోర్ వచ్చింది. పన్నెండు పెట్టెలు. ఆ బోరుకు కొంచెం దూరంల ఒక బాయి నడుస్తుంది, అండ్లకెల్లి కొత్త గ్యాలరీ, అంటె భూమి లోపటి దారి, ఆ దిక్కు తవ్వాలనుకుంటున్నరు. మేడం రిపోర్టు కొరకు చూస్తున్నరు. లారీ వచ్చిన దినం నేను సెలవుల ఉన్న. దించేటోళ్ళు కొత్తోళ్ళు, పెట్టెల్ని వరుసగ దించక, చేతికి ఏది అందితె అది దించిన్రట. కాకకు ఎప్పుడు పెట్టెలు వరుసగ దించే అలవాటు తెలుసు. అదే వరుస అనుకొని నంబర్లేసిండు. బొగ్గు పెట్టె నల్లగ తెలుస్తది గనుక చివర్ల పెట్టిండు. నడిమిటి పెట్టెలు కలెగలిసినయి.

తెల్లారి నేనొచ్చి రిజిస్టరు రాస్తుంటె, చెక్కబిళ్ళల మీది లోతులకు, కాక ఏసిన నంబర్లకు పొంతన కుదురలే. ఒకటి గాదు, అయిదారు పెట్టెలల్ల. నేనొక్క నిమిషం ఆగిన. కాకను పిలిచి అడిగితె అయిపోయేది. అడుగలే. ఎందుకంటె, కాక తప్పు చేస్తడని నా బుర్రకెక్కలే. క్యాంపుల పిలగాండ్లే బిళ్ళలు తప్పు రాసిన్రు అనుకున్న. గరుకు కాగితంతోని బిళ్ళల మీది రాత రాకి చెరిపేసి, కాక నంబర్లకు సరిపోయేటట్టు మల్ల రాసిన. చక్కటి చేతిరాత నాది. చూసినోళ్ళెవ్వరికి అనుమానం రాదు.

పిల్లలూ, తప్పు అంటె ఇదే. కాకది గాదు.

వారం తర్వాత మేడం అడిగిన ల్యాంపు వచ్చింది. ఇటుక లెక్క చిన్నది, మన కంటికి కనబడని వెలుతురిస్తది. దాని కొరకు సామాను గదిని ఖాళీ చేసి, కిటికీలకు నల్ల కాగితం అంటించినం. పట్టపగలు కూడ లోపట కటిక చీకటి. మేడం నాకొక కండ్లద్దాలిచ్చి, ల్యాంపు దిక్కు సూటిగ చూడొద్దని చెప్పి, కోర్ ముక్క మీద దాన్ని పట్టింది.

బూడిద రంగు రాయి మాయమైపోయింది. దాని లోపటి తెల్ల గీతలు నారింజ రంగుల మండుతున్నయి. నిప్పు లెక్క గాదు, నిప్పుకు ఊపిరుంటది, కదులుతది. ఇది కదులకుండ వెలుగుతుంది.

"కాల్షియం కూర్చోవాల్సిన సీట్లలో అక్కడొకటి ఇక్కడొకటి మాంగనీస్ వచ్చి కూర్చుందక్కా. ల్యాంపు ఇచ్చేది మనకి కనపడదు. మాంగనీస్ దాన్ని తీసుకుని, మనకి కనపడే రంగులో తిరిగి ఇస్తోంది" అన్నది మేడం.

"మరి ఆ మాంగనీస్ లేనిదైతె, మేడం?"

"స్వచ్ఛమైనదైతే ఇలా వెలగదు. ఇనుము ఎక్కువ కలిసినా వెలుగు చచ్చిపోతుంది. అందుకే ఒక్కో గీత ఒక్కోలా ఉంటుంది, చూడండి."

నిజమే. ఒకటి ముదురు నారింజ, ఒకటి గులాబి తిరిగినట్టు, ఇంకోదానికి అంచులు మాత్రమే వెలుగుతున్నయి. ఆ ముచ్చటకు రెండు దినాలు నాకు వేరే పని మీద మనసు పోలే. అన్నం డబ్బ తొందరగ తిని, ఆ చీకటి గదిల గోలేటి కోర్ ముక్కలు ఒక్కొక్కటి పెట్టుకొని చూస్తుంటి.

గట్ల చూస్తుంటెనే ఒకటి దొరికింది. కోర్ అంటె ఒకటే కడ్డీ. ఏడో పెట్టె ఆఖరి ముక్కల గీత ఎక్కడ తెగితె, ఎనిమిదో పెట్టె మొదటి ముక్కల అక్కడ్నే అందుకోవాలె. ఏడో పెట్టె చివర్ల గులాబి గీత అడ్డంగ వచ్చి తెగింది. ఎనిమిదో పెట్టె మొదట్ల అసలు గీతనే లేదు. తొమ్మిది తీసిన, లేదు. నాలుగో పెట్టె తీసిన. గులాబి గీత అక్కడ ఉన్నది. ముక్కకు ముక్క ఆనిస్తె, పగిలిన అంచులు ఒకదాంట్లొకటి కూసున్నయి.

నేను చెరిపిన బిళ్ళల మీద ఏం రాసుండెనో గుర్తు చేసుకుందామని చూసిన. ఒక్కటి గూడ గుర్తుకు రాలే.

ల్యాంపు బందు చేసి ఆ చీకట్లనే కూసున్న. మేడం అప్పటికే రిపోర్టు రాసి పంపిందని తెలుసు. నా రిజిస్టరు ప్రకారం పగుళ్ళ రాయి బొగ్గుకు చానా పైన ఉన్నది, ఫికర్ లేదు. నిజంగ గనుక ఆ పెట్టెలు కిందివైతె, ఆ పగుళ్ళ రాయి సరిగ్గ బొగ్గు నెత్తి మీద ఉన్నట్టు. నీళ్ళు పారిన పగుళ్ళల్లనే గీతలు పడతయి. ఆ కప్పు కిందికెల్లి రేపు మనుషులు నడుస్తరు.

ఆ మాపటికి డ్యూటీ దిగంగనే కాక క్వార్టర్‌కు పోయిన. చిన్నమ్మ, అంటె కాక భార్య, వాకిట్ల బియ్యం చెరుగుతుంది. కాక పక్కన కూసొని రాళ్ళేరుతున్నడు, వేళ్ళతోని. కండ్లు గోడ దిక్కున్నయి.

"కాకా, నీకు ఎన్నొద్దులసంది కనబడ్తలేదు?" అన్న. అట్ల అడుగుదామనుకోలే, వచ్చేసింది.

చిన్నమ్మ చాట ఆగింది. కాక చేతులు గూడ ఆగినయి.

"ఎవలు చెప్పిన్రు?"

"రాయి చెప్పింది."

పెట్టెల సంగతి, బిళ్ళల సంగతి, నేను రాకి చెరిపింది, మొత్తం చెప్పిన.

చిన్నమ్మనే అందుకున్నది. "రెండేండ్లు అయితుంది బిడ్డా. పొర కమ్మింది. దవాఖానకు పోదాం పా అంటె ఇంటడా? మా బావకు, గీయన అన్నకు, ఎన్కట కంటికి ఆపరేషన్ చేస్తె ఉన్న చూపు గూడ పోయింది. ఆ భయం పట్టుకున్నది."

"భయం గాదు" అన్నడు కాక. ఇంకో రాయి ఏరి పక్కకేసి, "భయమే" అన్నడు.

నేనే రేపు మేడంకు చెప్త అన్న. కాక తల అడ్డంగ ఊపిండు. "నువ్వు నీది చెప్పుకో. నాది నేను చెప్త. నా తప్పును నీ నోట చెప్పించుకునేంత ముసలోన్ని గాలే ఇంక."

తెల్లారి ఇద్దరం మేడం ముందట నిలబడ్డం. కాక రెండే ముక్కలల్ల చెప్పిండు. "నాకు కండ్లు కనబడ్తలేవమ్మా. పెట్టెల నంబర్లు అందాజగ ఏసిన." తర్వాత నేను చెప్పిన. బిళ్ళలు చెరిపిన కాడికి వచ్చేసరికి మేడం చేతిల పెన్ను కింద పెట్టింది.

మెల్లగ నా దిక్కు తిరిగి అన్నది, "ఆయన కనపడక చేశారు. మీరు కనపడీ చేశారు."

అక్కా అనలే. ఆ రోజు మొత్తం అనలే. కనపడీ చేశారన్న మాట ఇప్పటికీ నా లోపట ఎక్కడుండాలెనో అక్కడ ఉన్నది. దాన్ని తీసెయ్యాలని నేను గూడ ఎన్నడు చూడలే.

క్యాంపు వాళ్ళకు ఫోన్ చేస్తె, ఎంత లోతు కోసిన్రో బుక్కుల ఉన్నది గని ఏ ముక్క ఏ పెట్టెదో లేదన్నరు. మల్ల బోరేసుడంటె నెలలు పడతది. మేడం బాయి మేనేజర్‌కు అప్పుడే ఫోన్ చేసి, రిపోర్టు తప్పుల తడక, నేను మల్ల చెప్పేదాక ఆ దిక్కు అడుగెయ్యొద్దన్నది. ఇంకో మనిషైతె, చూసి చెప్త అని నాలుగు దినాలు దాస్తుండె. తనదాకా వచ్చే మాట అని తెలిసి గూడ ఆమె దాయలే.

ఫోన్ పెట్టేసి లేచింది. "పన్నెండు పెట్టెలూ చీకటి గదిలోకి తీసుకురండి. గీతల్ని బట్టి కలుపుదాం."

మేము మోస్తుంటె కాక షెడ్డు గోడకు ఆనుకొని నిలబడ్డడు. పిలవని పెండ్లికొచ్చినోని లెక్క నిలబడ్డడు. మేడం మల్ల బయటికొచ్చి, "బాబాయ్, మీరు రారా?" అన్నది.

"నేనొచ్చి ఏం చేస్తనమ్మా, గుడ్డోన్ని."

"మీ చేతులు కావాలి. రండి."

చెయ్యి పట్టి తీసుకపోయి, స్టూలేసి కూసోబెట్టి, కండ్లద్దాలు పెట్టింది. ల్యాంపు వెలిగించినం. కాక ముఖం ముందటికి పెట్టిండు. ఇంకింత ముందటికి.

"బిడ్డా" అన్నడు. "గీడ ఎర్రగ గీతొకటి ఉన్నదా?"

"ఉన్నది కాకా. నారింజ రంగు."

"అలుక్కపోయినట్టున్నది గని కనబడ్తుంది నాకు. ఎండల ఏది కనబడదు, అంత తెల్లగ మసకేస్తది. గీడ కనబడ్తుంది." కండ్లద్దాల కిందికెల్లి నీళ్ళు కారుతున్నయి. తుడుసుకోలే, చేతులు రాయి మీదున్నయి.

మూడు దినాలు పట్టింది. మేడం ల్యాంపు పడ్తది. నేను గీతల రంగు చూసి జత అందిస్త. కాక రెండు ముక్కల అంచులు బొటనవేళ్ళతోని తడిమి, తిప్పి, ఆనిచ్చి, "కాదు" అంటడు. "కాదు." "కాదు." ఎప్పుడో ఒకసారి రాయికి రాయి టక్కుమని కూసుంటది. అప్పుడు ఊపిరి వదులుతడు. రెండోనాడు మేడం ఒక జతను ఖాయం అన్నది, రంగు అచ్చం ఒక్కటే. కాక ఒప్పుకోలే. "రంగు ఒక్కటే గావొచ్చమ్మా, గింజ వేరే. ఇది పైకి సన్నగయితుంది, అది ముతకగయితుంది. తలకాయకు తలకాయ అతికిస్తున్నరు మీరు." బయటికి తీసుకపోయి భూతద్దంతోని చూసినం. ఆయన చెప్పిందే నిజం. ఆ మధ్యాహ్నం మేడం తన డబ్బల పులిహోర సగం కాకకు పెట్టి, నా దిక్కు జరిపి, "తినండక్కా" అన్నది. నేను ముఖం పక్కకు తిప్పుకొని తిన్న.

మూడోనాటికి వరుస కుదిరింది. పగుళ్ళ రాయి బొగ్గు నెత్తి మీదనే ఉన్నది. నడుమ మూరెడు గట్టి రాయి గూడ లేదు.

మేడం ఆ కాగితాలు పట్టుకొని స్వయంగ బాయి మీదికి పోయింది. గ్యాలరీ ఆపేసిన్రు. ముందట ఏముందో చూద్దామని సన్నటి బోరొకటి అడ్డంగ ఏస్తె, అండ్లకెల్లి నీళ్ళు దినాల తరబడి కారినయి. ఆ తర్వాత దారి వేరే దిక్కుకు తిప్పిన్రు. ఎవలికి గోరంత దెబ్బ తగులలే. జరగనిదాని గురించి పేపర్లు రాయయి, మనుషులు గుర్తుపెట్టుకోరు. ఆ గ్యాలరీల పనిచెయ్యాల్సినోళ్ళకు ఇప్పటికీ ఈ ముచ్చట తెల్వది.

నాకు మెమో వచ్చింది. రావాలె గదా. ఈ తప్పు గురించి ఆఫీసుకు రాసిన రిపోర్టుల, చూసుకోవాల్సిన బాధ్యత తనదని మేడం తన పేరు గూడ రాసుకున్నది. ఎందుకు రాసిన్రు మేడం అని అడిగితె, "నేను బిళ్ళల్ని చూశాను కదక్కా. మీ చేతిరాత మాత్రమే చూశాను, కింద చెక్క గరుకుగా ఉందని చూడలేదు" అన్నది.

కాకను దవాఖానకు మేము ముగ్గురం తీసుకపోయినం, చిన్నమ్మ, మేడం, నేను. ఆపరేషన్‌కు లోపటికి పోయేటప్పుడు నా చెయ్యి ఎంత గట్టిగ పట్టుకున్నడంటె గాజు పగిలింది. పట్టీ విప్పినంక మొదలు చిన్నమ్మను చూసి, "నెత్తి ఎప్పుడు నెరిసిందే?" అన్నడు. ఆమె నవ్వుకుంట ఏడ్చింది. తర్వాత నన్ను చూసి, "నువ్వు గింత బక్కగున్నవా బిడ్డా" అన్నడు. రెండో కన్ను గూడ అయినంక వచ్చి డ్యూటీల చేరిండు. ఆ మిగిలిన సర్వీసంత, పెట్టె లారీ దిగంగనే నంబరు తను చదివి, మల్ల నాతోని చదివిస్తుండె. "నువ్వు గూడ సదువు. ఇద్దరికి ఒక్కటే కనబడితెనే రాయి" అనేటోడు.

ఆయన రిటైరైన దినం షెడ్డు ముందట షామియానా ఏసినం. చిన్నమ్మ కొత్త చీర కట్టుకొని వచ్చింది. అన్నేండ్లల ఆమె మా షెడ్డు గడప తొక్కుడు అదే మొదలు. మైకు సర్దుతుంటె కాక నా పక్కకొచ్చి, మొహమాటపడుకుంట అడిగిండు. "బిడ్డా, ల్యాంపు నీ తాననే ఉన్నదా? దీనికొక్కసారి చూపిద్దామా?"

ముగ్గురం చీకటి గదిలకు పోయినం. చిన్నమ్మకు కండ్లద్దాలు పెట్టిన. ఆమె గోడ తడుముకుంట, "ఏందయ్యా గీ చీకటి" అని గునుగుతుంది. ల్యాంపు ఏసిన.

చిన్నమ్మ గోడ వదిలి రాయి మీదికి వంగింది. వేలు పెట్టబోయి, కాలుతదేమో అన్నట్టు వెనుకకు గుంజుకున్నది. కాక ఆమె చెయ్యి పట్టి గీత మీద పెట్టిండు. "సల్లగుంటదే. ముట్టు."

ముట్టింది. ఆ కొస నుంచి ఈ కొసదాక వేలు మెల్లగ గుంజింది.

"గింత సక్కటిది చేతులల్ల పట్టుకొని తిరిగినవా ఇన్నేండ్లు? ఒక్కనాడన్న ఇంటికొచ్చి చెప్పినవా?"

"మొదలు నాకే ఎరుక లేదాయె. ఎరుకైనంక, మాటతోని ఎట్ల చెప్పుదునే?"

ఆమె లేవలే. ఆయన లేవమనలే. ఇంకో ముక్క చూపియ్యి బిడ్డా అన్నది, చూపిచ్చిన. ఇంకోటన్నది. బయట మైకుల కాక పేరు రెండుసార్లు పిలిచిన్రు. తలుపు కొంచెం తెరుచుకున్నది, మేడం దండ పట్టుకొని నిలబడ్డది. లోపటికి చూసింది. పిలవలే. తలుపు చప్పుడు గాకుండ దగ్గరికేసి, బయట అందరితోని, "ఇంకొంచెం సేపు ఆగండి" అన్నది.